బయానా ఇచ్చే ముందు

పొద్దున ఆరు దాటితే బోరబండ గల్లీల్లో ఆడవాళ్ల నడక మొదలవుతుంది. కొందరు జూబ్లీహిల్స్ బంగళాల్లో వంటకు పోతారు. కొందరు ఫిల్మ్‌నగర్ ఇళ్లల్లో గిన్నెలు తోముతారు, బట్టలు ఉతుకుతారు. షూటింగు ఉన్న రోజు కృష్ణానగర్ దాకా పోయి బండి ఎక్కేవాళ్లూ ఉన్నారు. పగలంతా పెద్ద ఇళ్లల్లో పని. రాత్రి మళ్లీ కిరాయి గదికే.

అలాంటి ఒక తల్లి ఉందనుకుందాం. వయసు 38. రెండు ఇళ్లల్లో వంట చేస్తుంది. నెలకు 16 వేలు వస్తాయి. భర్త ఆటో నడుపుతాడు. ఖర్చులు పోను 18 వేలు ఇంటికి తెస్తాడు. ఇద్దరిదీ కలిపి 34 వేలు. ఇద్దరు పిల్లలు, ఒక అత్తమ్మ. కిరాయి 7 వేలు. పదకొండేళ్లలో మూడు ఇళ్లు మారారు. సంఘం పొదుపు, పోస్టాఫీసు డబ్బు కలిపి ఆమె 3 లక్షలు కూడబెట్టింది. ఆ సంగతి చుట్టాలెవరికీ చెప్పలేదు. మంచి పనే చేసింది.

ఒక రోజు బ్రోకరు వచ్చాడు.

"అక్కా, 50 గజాల ఇల్లుంది. రెండు అర్రలు. పైన రేకులు. పక్కన అందరు 35 లక్షలు అంటున్నరు. మన ఓనరుకు బిడ్డ పెండ్లి ఉంది. 20కే ఇస్తడు. ఇయ్యాల పొద్దుమూకే లోపల 2 లక్షలు బయానా ఇస్తే ఇల్లు నీది."

"కాగితాలు ఉన్నయా అన్నా?"

"అన్నీ ఉన్నయి. నోటరీ ఉంది. కరెంటు మీటరు ఉంది. ఇంటి పన్ను రసీదు ఉంది. ఇంకేం గావాలె?"

"జిరాక్సు ఇవ్వు. చదువుకుని చెప్త."

బ్రోకరు నవ్వాడు. "నువ్వు చదువుతవా అక్కా?"

చదువుతుంది. నిదానంగా చదువుతుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినా చదువే. 2 లక్షలు పోగొట్టుకోవడం కంటే రెండు గంటలు కాగితం చదవడం మేలు కదా.

ఇక్కడ 20 లక్షలు అన్నది లెక్క సులువుగా ఉండడానికే. మంచి కాగితాలున్న ఇల్లు బోరబండలో ఇవాళ ఆ ధరకు దొరకడం కష్టం. అందుకే అంత తక్కువ ధర వినగానే సంతోషం కాదు, అనుమానం రావాలి. 35 లక్షల ఇల్లు 20కే ఎందుకు ఇస్తున్నాడు? బిడ్డ పెళ్లి ఉంటే ఇంకా ఎక్కువే అడుగుతాడు కదా!

నోటరీ కాగితం ఏం చెబుతుంది?

నోటరీ అంటే ఒక వకీలు. తన ముందు ఫలానా మనిషి సంతకం చేశాడని ముద్ర వేస్తాడు. అంతే. ఆ ఇల్లు ఆ మనిషిదేనని నోటరీ చెప్పడు. ఇల్లు ఎవరిదో వెతికి చూసే పని ఆయనది కాదు.

రిజిస్ట్రేషన్ వేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజును సర్కారు రికార్డుల్లోకి ఎక్కిస్తారు. దానికి నంబరు వేస్తారు. రేపు ఎవరైనా పోయి అడిగితే ఆ ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారో కనపడుతుంది. నోటరీ అమ్మకం ఆ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. అందుకే ఒకే ఇంటిని ముగ్గురికి నోటరీ మీద అమ్మినా, ముగ్గురూ గొడవకు వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ఇది కొత్త చట్టం కాదు. 100 రూపాయలు, అంతకు పైన విలువ ఉన్న స్థలాన్ని, ఇంటిని అమ్మితే రిజిస్ట్రేషన్ చేయాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెప్పింది. బస్తీల్లో ఇంకొక మాట కూడా వినపడుతుంది. "జీపీఏ చేసి ఇస్తం" అంటారు. జీపీఏ అంటే నా తరఫున నువ్వు పనులు చూసుకో అని రాసిచ్చే అధికారం. అమ్మకం కాదు. జీపీఏతో ఇల్లు కొన్నవాళ్లకు హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి కరెంటు మీటరు? మీటరు ఉంటే ఆ ఇంట్లో కరెంటు వాడుతున్నారని తెలుస్తుంది. ఇంటి పన్ను రసీదు ఉంటే పన్ను కట్టారని తెలుస్తుంది. రెండూ మంచివే. కానీ ఇల్లు ఎవరిదో ఆ రెండూ చెప్పవు. కిరాయికి ఉన్నవాళ్లు కూడా కరెంటు బిల్లు కడతారు కదా.

నోటరీ ఇళ్లల్లో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లు బోరబండలోనే కాదు, హైదరాబాదు బస్తీలన్నిట్లో ఉన్నారు. వాళ్లంతా మోసగాళ్లు కారు. చాలామంది మోసపోయినవాళ్లు కూడా కారు. ఆనాడు చేతిలో ఉన్న డబ్బుకు దొరికింది అదే. అయితే ఆ ఇంటి మీద బ్యాంకులు సాధారణంగా అప్పు ఇవ్వవు. బ్యాంకు అప్పు లేకపోతే కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గితే ధర తగ్గుతుంది. బ్రోకరు చెప్పిన 20 లక్షల గుట్టు ఇదే.

పట్టా అన్నా ఆగి చూడాలి

కొందరు నోటరీ మాట ఎత్తరు. "సర్కారు పట్టా ఉంది" అంటారు. పట్టా మాట వినగానే ధైర్యం వస్తుంది. కానీ ఏ పట్టా? సర్కారు పేదలకు ఇచ్చిన స్థలాలను అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం వచ్చింది. అలాంటి స్థలం కొంటే డబ్బు పోతుంది. స్థలాన్ని సర్కారు వెనక్కు తీసుకోవచ్చు.

ఇంకోరకం కూడా ఉంది. సర్కారు భూమిలో ఇళ్లు కట్టుకున్నవాళ్ల కోసం 2014 డిసెంబరులో 58, 59 నంబర్ల జీవోలు వచ్చాయి. 125 గజాల లోపు ఉన్న పేదలకు ఉచితంగా, మిగతావాళ్లకు డబ్బు కట్టించుకుని హక్కు ఇవ్వడానికి అవి తెచ్చారు. అమ్మేవాళ్లు ఆ పేరు చెబితే ఆ కాగితం చూపించమనాలి. దరఖాస్తు పెట్టుకున్న రసీదు చూపిస్తే చాలదు. దరఖాస్తు వేరు, హక్కు కాగితం వేరు. అమ్ముకునే వీలు ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

చెరువు సంగతి కూడా చూడాలి. బోరబండకు దగ్గర్లోనే, మాదాపూర్ వైపు సున్నం చెరువు ఉంది. 2024 సెప్టెంబరులో హైడ్రా వాళ్లు అక్కడ చెరువు హద్దులో ఉన్నాయని కొన్ని కట్టడాలు కూల్చేశారు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో అక్కడి దాకా చెరువే. ఎండాకాలం ఎండిపోయి మైదానంలా కనపడినా అది చెరువే. దాని చుట్టూ ఇంకొంత జాగా కూడా వదలాలి. పెద్ద చెరువుకు 30 మీటర్లు, 25 ఎకరాల లోపు చెరువుకు 9 మీటర్లు. అక్కడ ఇల్లు కట్టకూడదు. కట్టిన ఇల్లు కొనకూడదు.

ఈసీ అనే కాగితం

కొనేముందు తప్పకుండా తీసుకోవాల్సిన కాగితం ఈసీ. దీన్ని భారపత్రం అంటారు. మీసేవలో అడిగితే ఇస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనూ చూడొచ్చు. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే ఫోనులోనే వెతికి పెడుతుంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు అందులో దొరుకుతాయి.

ఈసీలో మూడు సంగతులు చూడాలి. ఎవరు అమ్మారు? ఎవరు కొన్నారు? ఎక్కడైనా తనఖా ఉందా? తనఖా అంటే ఇంటిని కుదువ పెట్టి అప్పు తెచ్చారన్నమాట. ఆ అప్పు తీరినట్టు కింద ఇంకో వరుస లేకపోతే ఆ భారం ఇంకా ఉన్నట్టే అనుకోవాలి. అలాంటి ఇల్లు కొంటే పాత అప్పు కూడా నెత్తికి చుట్టుకుంటుంది.

ఆ వెబ్‌సైటులోనే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా కూడా ఉంటుంది. సర్కారు భూములు, గుడి మాన్యాలు, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. దస్తావేజులో ఉన్న సర్వే నంబరు ఆ జాబితాలో ఉందేమో చూడాలి.

తర్వాత లింకు కాగితాలు. ఇప్పుడు అమ్మేవాడికి ఇల్లు ఎవరు అమ్మారు? వాళ్లకు ఎవరు అమ్మారు? గొలుసులో కొక్కేల్లాగా ఒకదాని వెనక ఒకటి ఉండాలి. మధ్యలో ఒక కొక్కెం లేకపోయినా అడగాలి.

ఇల్లు తండ్రి పేరు మీద ఉండి, ఆయన పోయాక కొడుకు అమ్ముతున్నాడా? అయితే ఆయన ఆడబిడ్డలు ఎక్కడ? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. తండ్రి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు. 2005లో దేశమంతటికీ వచ్చింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతుళ్లకు వాటా ఉంటుంది. వాళ్ల సంతకాలు లేకుండా కొంటే రేపు వాళ్లు కోర్టుకు పోతారు. పోతే తప్పు వాళ్లది కాదు. వాళ్ల తల్లి కూడా ఉంటే ఆమె సంతకమూ కావాలి.

చివరగా హద్దులు. దస్తావేజు చివర్లో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు వరుసలు ఉంటాయి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎంత వెడల్పు రోడ్డు అని రాసి ఉంటుంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఇంటి ముందు నిలబడి చదవాలి. నాలుగు దిక్కులూ చూసుకోవాలి. టేపు పెట్టి కొలవాలి. 50 గజాలంటే 450 చదరపు అడుగులు. కాగితంలో 20 అడుగుల రోడ్డు ఉండి, ఎదురుగా ఆటో కూడా పట్టని సందు ఉంటే ఆ కాగితం ఈ ఇంటిది కాకపోవచ్చు.

హైదరాబాదులో దస్తావేజులు ఎక్కువగా ఇంగ్లీషులో రాస్తారు. భయపడనక్కర్లేదు. తెలుగులో చదివి చెప్పమని డాక్యుమెంట్ రైటరును అడగొచ్చు. డబ్బు ఇచ్చేది కొనేవాళ్లే కదా. దానికి తోడు ఒక వకీలుకు చూపించాలి. ఆ వకీలును బ్రోకరు తేకూడదు. మనమే వెతుక్కోవాలి.

డబ్బు లెక్క

20 లక్షల ఇల్లంటే 20 లక్షలు చాలవు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

కాగితాలు బాగున్న ఇంటికి బ్యాంకు అప్పు ఇస్తుంది. 30 లక్షల లోపు అప్పు అయితే ఇంటి విలువలో నూటికి 90 దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇవ్వొచ్చు అంటే ఇస్తుందని కాదు. ఆదాయం చూసి, ఇంటి వయసు చూసి తగ్గిస్తారు. 16 లక్షలు ఇచ్చారనుకుందాం. మిగతా 4 లక్షలు సొంతంగా తేవాలి.

రిజిస్ట్రేషన్ ఖర్చు వేరు. తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర రూపాయలు చేశారు. 20 లక్షలకు లక్షా 50 వేలు అవుతుంది. కొనే రోజు రేటు ఎంతో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. 10 లక్షలు దాటిన ఇంటికి ఈ ఖర్చును కలిపి బ్యాంకు లెక్క వేయదు. ఇది చేతి నుంచే పెట్టుకోవాలి.

వకీలు, డాక్యుమెంట్ రైటరు, బ్యాంకు ఫీజులు, బ్రోకరు కమీషను, రేకులు మార్చడం, సామాను మోయడం. వీటికి ఇంకో 50 వేలు అనుకుందాం. తర్వాత ముట్టకూడని డబ్బు ఒకటి ఉండాలి. ఆటో ఆగినా, జ్వరం వచ్చినా, వంట పని పోయినా మూడు నెలలు కిస్తీ కట్టి అన్నం తినేంత. అది లక్ష.

కూడితే 7 లక్షలు. ఆమె దగ్గర ఉన్నది 3 లక్షలు.

ఈ 4 లక్షల తేడా దగ్గరే సంసారాలు కూలిపోతాయి. ఎందుకంటే చాలామంది దాన్ని వడ్డీ అప్పుతో నింపుతారు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. మూడే కదా అనిపిస్తుంది. 3 లక్షలు తెస్తే నెలకు 9 వేలు వడ్డీకే పోతుంది. అసలు ఒక్క రూపాయి తీరదు.

బ్యాంకు వడ్డీ ఏడాదికి నూటికి 9 రూపాయలు అనుకుందాం. నెలకు చూస్తే 75 పైసలు. 10 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెల కిస్తీ 8,997 రూపాయలు. అసలూ వడ్డీ రెండూ అందులోనే. అంటే బయటి 3 లక్షల అప్పుకు వడ్డీ, బ్యాంకు 10 లక్షల అప్పుకు మొత్తం కిస్తీ సమానం! బయటి అప్పు ఎప్పటికీ అట్లాగే ఉంటుంది. బ్యాంకు అప్పు 20 ఏళ్లకు తీరిపోతుంది.

బ్యాంకు అప్పు కూడా తేలిక కాదు. 16 లక్షలకు 20 ఏళ్ల కిస్తీ నెలకు సుమారు 14,400. మొదటి నెలలో అందులో 12,000 వడ్డీకే పోతుంది. అసలులో తీరేది 2,400 మాత్రమే. 20 ఏళ్లలో మొత్తం 34 లక్షల 55 వేలు కడతారు. అదే 15 ఏళ్లకు తీసుకుంటే కిస్తీ సుమారు 16,230. మొత్తం 29 లక్షల 21 వేలు. నెలకు 1,830 ఎక్కువ కడితే 5 లక్షల పైన మిగులుతుంది.

34 వేల ఆదాయానికి 16 వేల కిస్తీ బరువే. అందుకని ఆమె 20 ఏళ్లకే తీసుకుని, దసరా బోనసో, చీటీ డబ్బో వచ్చినప్పుడు అసలు కింద కట్టొచ్చు. మారే వడ్డీ ఉన్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అప్పు ఇచ్చేముందు వడ్డీ, ఫీజులు అన్నీ రాసిన ఒక కాగితం ఇవ్వాలని 2024 అక్టోబరు నుంచి నియమం ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోవాలి. ఇంటికి తెచ్చి చదవాలి.

కిస్తీ రాకముందే కిస్తీ

కిస్తీ కట్టగలమా లేదా? నోటితో చెప్పడం సులువు. కట్టి చూస్తేనే తెలుస్తుంది.

రేపు కట్టాల్సిన కిస్తీ 14,400. ఇవాళ కడుతున్న కిరాయి 7,000. తేడా 7,400. ఇల్లు కొనకముందే ఈ 7,400 ప్రతి నెలా పక్కన వేయాలి. కిరాయి ఇచ్చిన రోజే ఇది కూడా తీసి కట్టేయాలి. ఒక ఏడాది ఇట్లా చేయాలి. బోనాలు, దసరా, రంజాన్, బడి ఫీజులు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ఆ ఏడాదిలో వస్తాయి. 12 నెలలూ ఆగకుండా కట్టగలిగితే బ్యాంకు కిస్తీ కూడా కట్టగలరు. నాలుగో నెలకే ఆగిపోయిందా? బాధ పడనక్కర్లేదు. ఇల్లు పోలేదు, పరువు పోలేదు. డబ్బు మన దగ్గరే ఉంది. చిన్న అప్పుకు సరిపోయే ఇల్లు చూసుకోవాలి, అంతే.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలి? పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్లది. నెలకు 100 రూపాయల నుంచి కట్టొచ్చు. 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం వడ్డీ ఇస్తున్నారు. ఆ వడ్డీ లెక్కన నెలకు 7,400 చొప్పున ఐదేళ్లు కడితే సుమారు 5 లక్షల 28 వేలు చేతికి వస్తుంది. 4 లక్షల తేడా తీరి ఇంకా మిగులుతుంది.

బస్తీలో చీటీలు కూడా కడతారు. చీటీ చెడ్డది కాదు. చీటీల చట్టం 1982లో వచ్చింది. దాని ప్రకారం చీటీని రిజిస్టరు చేయించాలి. చీటీ నడిపేవాళ్లు చీటీ విలువ అంత డబ్బు ముందే జామీనుగా పెట్టాలి. పక్కింటి వదిన నోటుబుక్కులో రాసుకునే చీటీకి ఆ జామీను లేదు. ఆమె మంచిదే కావచ్చు. ఆమెకు ఇవ్వాల్సినవాళ్లు ఎగ్గొడితే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఇంటి డబ్బు మాత్రం అందులో పెట్టకూడదు.

ఇంత చిన్న మొత్తాలతో ఏం అవుతుందని కొందరు అంటారు. నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే 1992లో సారా వద్దని ఉద్యమం చేశారు. దూబగుంట రోశమ్మ పేరు ఆ రోజుల్లో అందరికీ తెలిసింది. సారాకు పోయే డబ్బు ఆగాక వాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. వాళ్ల నుంచే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి.

ఐదేళ్లలో ఇళ్ల ధర ఆగుతుందా? ఆగదు. నిజమే. అందుకే దూరం వెళ్లాలా అన్న ఆలోచన వస్తుంది. ఊరి చివర అదే డబ్బుకు పెద్ద ఇల్లు దొరకొచ్చు. కానీ వంట పని జూబ్లీహిల్స్‌లో ఉంది. పొద్దున ఏడింటికి పొయ్యి వెలిగించాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. బస్సుకు డబ్బు కాదు, పొద్దు పోతుంది. రెండు గంటలు ప్రయాణమైతే ఒక ఇంటి పని వదులుకోవాలి. ఆ పోయే 8 వేలను కూడా ఇంటి ధరలో కలిపి చూడాలి. ఎంఎంటీఎస్ స్టేషనుకు దగ్గరగా ఉన్న చిన్న ఇల్లు మేలేమో లెక్క వేసుకోవాలి.

సినిమా పనివాళ్లలో కొందరు ఇంకో దారి పట్టారు. సహకార సంఘం పెట్టుకున్నారు. మణికొండలోని చిత్రపురి కాలనీ అట్లా వచ్చిందే. దానికి నటుడు ప్రభాకర్‌రెడ్డి పేరు పెట్టారు. సంఘంలో చేరితే డబ్బు ముందు పోతుంది, ఇల్లు తర్వాత వస్తుంది. మధ్యలో కిరాయి, కిస్తీ రెండూ కట్టాలి. ఆ ఓపిక, ఆ డబ్బు ఉంటేనే చేరాలి.

పేరు, ఆదాయం

ఇల్లు ఎవరి పేరు మీద? దీన్ని రిజిస్ట్రేషన్ రోజు మాట్లాడుకోకూడదు. ముందే తేల్చుకోవాలి. ఆమె పొదుపు ఉంది, ఆమె సంపాదన ఉంది. ఆమె పేరు మీద గానీ, ఇద్దరి పేర్ల మీద గానీ ఉండాలి. ఆమె పేరు ఉంటే ఆమె సంతకం లేకుండా ఆ ఇంటిని మొత్తంగా అమ్మలేరు, కుదువ పెట్టలేరు.

సర్కారు పథకాలు కూడా ఇదే అడుగుతాయి. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో ఇల్లు కొనడానికి వడ్డీ సాయం ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోవడం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు. ఇవీ షరతులు. మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం వడ్డీ సాయం. ఐదు ఏడాది వాయిదాల్లో మొత్తం లక్షా 80 వేల దాకా వస్తుంది. అప్పు అడిగే రోజే బ్యాంకులో ఈ మాట ఎత్తాలి. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం వేరు. సొంత జాగా ఉన్నవాళ్లు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు ఇచ్చే పథకం అది. ఇల్లు కొనడానికి కాదు.

పేరు దగ్గర చిక్కు ఒకటుంది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. బ్యాంకు వాళ్లు చూసి ఈ ముగ్గురూ ఒకరేనా అంటారు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మూడింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది. ముందే చేయించాలి.

వంట పనికి జీతం చేతికి ఇస్తారు. కాగితం ఉండదు. మరి బ్యాంకుకు ఏం చూపించాలి? ఫోన్ పేలోనో, బ్యాంకు ఖాతాలోనో వేయమని అమ్మగారిని అడగాలి. నగదు ఇస్తే తనే ప్రతి నెలా ఖాతాలో వేసుకోవాలి. రెండేళ్లు ఇట్లా చేస్తే పాసుబుక్కే సాక్ష్యం. భర్త ఆటో ఆదాయం కూడా అంతే.

పాత అప్పులు ఎట్లా కట్టారో బ్యాంకులు చూస్తాయి. ఫోను కిస్తీ ఆగినా, ఎవరికో జామీను పెట్టి వాళ్లు ఎగ్గొట్టినా అందులో పడుతుంది. ఏడాదికి ఒకసారి ఆ రిపోర్టును ఉచితంగా తీసుకోవచ్చు. తప్పు ఉంటే దిద్దించాలి.

రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

బ్రోకరు చూపించిన ఇంటికి ఆమె బయానా ఇవ్వలేదు. జిరాక్సులో నోటరీ ముద్ర తప్ప రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఈసీలో అమ్మేవాడి పేరే లేదు. "మంచి బేరం పోగొట్టుకున్నవ్ అక్కా" అని బ్రోకరు వెళ్లిపోయాడు. వెళ్లనివ్వాలి.

మంచి కాగితాలున్న ఇల్లు దొరికిన రోజు బయానా కూడా చెక్కు మీదో, బ్యాంకు ద్వారానో ఇవ్వాలి. ఇంటి బేరంలో 20 వేలు, అంతకు పైన బయానా నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. ఒప్పందం కాగితం మీద రాయించాలి. బ్యాంకు అప్పు రాకపోతే బయానా వెనక్కు ఇవ్వాలని అందులో ఒక వాక్యం రాయించడం మరవకూడదు.

ఆ లోపు ఆ ఇంటికి మూడు సార్లు పోవాలి. బోరబండ పేరులోనే బండ ఉంది. ఎత్తుపల్లాల బస్తీలు. వాన పడుతున్నప్పుడు పోతే నీళ్లు ఎక్కడికి పారతాయో తెలుస్తుంది. నల్లా నీళ్లు వచ్చే పూట పోయి ఎన్ని బిందెలు నిండుతున్నాయో పక్కింటి ఆమెను అడగాలి. రాత్రి పూట పోతే దీపాలు ఉన్నాయో లేవో, ఆడపిల్ల ట్యూషన్ నుంచి నడిచి రాగలదో లేదో తెలుస్తుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫోటో తీస్తారు. వేలిముద్ర వేయమంటారు. సంతకం వచ్చాక కూడా వేలిముద్ర ఎందుకని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అక్కడ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ వేలిముద్ర వేయాల్సిందే. జూబ్లీహిల్స్ బంగళా కొనే పెద్ద హీరో అయినా వేయాల్సిందే. వేలిముద్ర వేశాక సంతకమూ చేయాలి. చేసే ముందు పేరు, ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు ఇంకోసారి చదవాలి. వెనక వరుసలో జనం తొందర పెడతారు. పెట్టనివ్వాలి.

ఇంటికి వచ్చాక పని ఇంకా ఉంది. ఇంటి పన్ను, కరెంటు మీటరు, నల్లా కనెక్షను కొత్త పేరు మీదికి మార్పించాలి. అసలు దస్తావేజు బ్యాంకు దగ్గర ఉంటుంది. ఏ ఏ కాగితాలు ఇచ్చామో బ్యాంకు నుంచి జాబితా రాయించుకుని, జిరాక్సులతో కలిపి బియ్యం డబ్బాలో కాకుండా పురుగు పట్టని చోట దాచాలి.

అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఆ కాగితాలన్నీ వెనక్కు ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం. కాగితాలు తెచ్చుకున్నాక ఇంకోసారి ఈసీ తీయించాలి. బ్యాంకు తనఖా తీరినట్టు అందులో ఒక వరుస కనపడాలి.